చాయిస్ ఫిల్లింగ్‌కు ముందు

20 ఆగస్టు 2025

నీట్ పీజీ ర్యాంకు నిన్న వచ్చింది. అమ్మకు చెప్పాను. "మంచిదేనా?" అంది. ఏ సీటుకు మంచిదో నాకే తెలీదు. బాబాయ్ మాత్రం రేడియాలజీ అంటున్నాడు. మా పీహెచ్‌సీ ఓపీ నిండా జ్వరాలు. చర్ల దారి పొడుగునా వాన.

31 ఆగస్టు

రాత్రి మేడ మీద కూర్చుని కాలేజీల వీడియోలు చూశాను. సిగ్నల్ అక్కడే. పైనుంచి తీసిన భవనం, పచ్చిక, కొత్త ఎమ్మారై, నవ్వుతున్న డీన్. వార్డు ఒక్క క్షణం కనబడింది. మంచాల మీద దుప్పట్లు నలగలేదు. రోగి లేని వార్డులో నేనేం నేర్చుకుంటాను?

7 సెప్టెంబరు

జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) 2023 పీజీ నిబంధనలు చదివాను. వారానికో సెలవు. ఏడాదికి 20 క్యాజువల్ లీవులు. జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు. పని గంటలు సబబుగా ఉండాలట, ఎన్నన్నది చెప్పలేదు. నేను చూసిన ఏ బ్రోషర్‌లోనూ ఈ మాటలు లేవు. ఎందుకు రాయరు? రాస్తే ఆ మాట మీద నిలబడాలనా?

21 సెప్టెంబరు

కట్లపాము. గుత్తికోయ గూడెం పిల్లాడు. తెచ్చేసరికి రెప్పలు వాలిపోతున్నాయి. పాము విషానికి విరుగుడు ఏఎస్‌వీ ఎక్కించి 108లో బయల్దేరాం. భద్రాచలం దాకా ఊపిరి కోసం అంబూ బ్యాగ్ నొక్కుతూనే ఉన్నాను. బతికాడు.

చేతులు ఇంకా లాగుతున్నాయి. దారిలో ట్యూబ్ వేసే ధైర్యం నాకుంటే... అది నాకు ఎవరు నేర్పుతారు? పక్కన నిలబడి?

28 సెప్టెంబరు

ఓ కాలేజీలో పీజీ చేస్తున్న అక్కకు ఫోన్ చేశాను. ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని. రాత్రి డ్యూటీలో సీనియర్ పక్కన ఉంటారా, ఫోన్‌లోనా? ఫస్టియర్ చేత ఏం చేయిస్తారు? శాంపిళ్లు మోయడమేనా? మానేసి వెళ్లినవాళ్లున్నారా?

స్టైపెండ్ సంగతి అడిగితే కాసేపు పలకలేదు. "ఖాతాలో పడుతుందే. తర్వాత తీసి వాళ్లకే ఇచ్చేయాలి."

అక్క వాళ్ల కాలేజీ వీడియోనే నాకు అన్నిటికంటే నచ్చింది.

12 అక్టోబరు

సర్కారు కాలేజీల పేజీలు తిరగేశాను. ఫ్యాకల్టీ జాబితా, నోటీసులు. అంతే. నేను ఇంటర్న్‌షిప్ చేసిన చోట తెల్లారేదాకా కేసులు వస్తూనే ఉండేవి. సూది పట్టడం, కుట్టు వేయడం, చావు కబురు చెప్పడం, అన్నీ అక్కడే వచ్చాయి. ఆ పనంతా ఎక్కడా రాసి లేదు. ఆ పని ఉన్నవాళ్లు చెప్పుకోరు. చెప్పుకునేవాళ్ల దగ్గర ఉందో లేదో తెలీదు.

19 అక్టోబరు

సర్కారు సీట్లలో సగం ఎంసీసీ జాతీయ కౌన్సెలింగ్‌కు, సగం రాష్ట్రంలో కాళోజీ వర్సిటీ కౌన్సెలింగ్‌కు. రెండు జాబితాలు వేయాలి. ఒక్కో కాలేజీకి ఇప్పుడు చదువుతున్న పీజీని ఒకరిని పట్టుకుని అడుగుతున్నా. కొందరు ఎత్తరు. ఎత్తినవాళ్లు గంటసేపు మాట్లాడతారు. ఇన్నాళ్లూ వాళ్లను ఎవరూ అడగలేదా?

26 అక్టోబరు

మొదటి వరసలన్నీ అనస్థీషియా. బాబాయ్‌కి ఇంకా చెప్పలేదు. ఏజెన్సీలో సిజేరియన్ ఎన్నిసార్లు ఆగేది మత్తు డాక్టర్ లేకే కదా. ఊపిరి నిలబెట్టే పని. అది చేతికి రావాలి నాకు.

2 నవంబరు

సీటు వస్తే ఈ పీహెచ్‌సీ ఖాళీ అవుతుంది. ఖాళీల ప్రకటనలో ఏముంటుంది? పోస్టు, జీతం, రిజర్వేషన్. వచ్చేవాళ్ల కోసం నేనే ఒక పేజీ మొదలుపెట్టాను. వానాకాలం మలేరియా. పాముకాట్లు. వెంటిలేటర్ లేదు. గర్భిణులను మంచానికి కర్ర కట్టి మోసుకొస్తారు. కోయ మాటలు ఆశమ్మ నేర్పుతుంది, మొదటి వారంలోనే అడగండి.

సిస్టర్ చదివింది. "రాత్రుళ్లు ఒక్కరే ఉండాలని కూడా రాయండి మేడం."

రాశాను. ఇది చదివాక ఎవరైనా వస్తారా? తెలియక వచ్చి నెలకే వెళ్లిపోయేవాళ్లకంటే, తెలిసి వచ్చే ఒక్కరు చాలు ఈ ఊళ్లకు.