ఉయ్యూరు గట్టు మీద సైకిలు

మీ ఇంట్లో మగవారికి ఏదైనా హాబీ ఉందా? ఉంటే నా బాధ మీకు వేరే చెప్పక్కర్లేదు. మావారికి ఒకటి కాదు, మూడున్నాయి! మేడమీద కుండీల్లో మొక్కలు, పాత రేడియోలకు మరమ్మతు, సైకిలు. వారమంతా ఆఫీసే సరిపోతుంది. పొద్దున ఎనిమిదింటికి వెళితే రాత్రి తొమ్మిది దాటాకే ఇంటికి రావడం. మిగిలేది ఒక్క ఆదివారం. ఆ ఆదివారం తెల్లవారుజామున ఐదింటికే స్నేహితులతో కలిసి సైకిలు మీద బయల్దేరతారు. తొమ్మిదిన్నరకు వస్తారు, టిఫిను తిని ఓ కునుకు తీస్తారు. లేచాక మొక్కలు, ఆ పైన రేడియో. ఇంతలో సాయంత్రమైపోతుంది!

అలాగని చెడ్డ అలవాట్లేమీ లేవు కదా అని నేనూ సరిపెట్టుకునేదాన్ని. కానీ మా అమ్మాయి సంగతి వేరు. దానికి ఆరో తరగతిలో సైకిలు నేర్చుకోవాలని ముచ్చట పుట్టింది. "వచ్చే ఆదివారం నేర్పిస్తాలేమ్మా" అన్నారు నాన్నగారు. ఆ వచ్చే ఆదివారం రెండేళ్లయినా రాలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు! ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అది అడగడం మానేసింది. అలిగితే బుజ్జగించవచ్చు, ఏడిస్తే ఓదార్చవచ్చు. అడగడమే మానేస్తే ఏం చేస్తాం చెప్పండి? నాకు భయం వేసింది అప్పుడే.

తిన్నగా పోతే మా ఊరే

మేముండేది హైదరాబాదులో, వనస్థలిపురం వైపు. పూణే నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి మాకు దగ్గరే. వెనకటి రోజుల్లో దాన్నే 9వ నంబరు రోడ్డు అనేవారు. "ఈ రోడ్డు మీద తిన్నగా పోతే మా ఊరే" అంటారు మావారు, ఆ రోడ్డు ఎక్కినప్పుడల్లా. నిజమే, విజయవాడ దాటాక అదే రోడ్డు మీద ఉంది వారి ఉయ్యూరు. కానీ తిన్నగా పోయేది ఏడాదికి ఒక్కసారే. మాఘమాసంలో, వీరమ్మ తల్లి తిరునాళ్లకు.

మొన్నటి తిరునాళ్లకూ అలాగే శని, ఆదివారాలకు రెండు రోజులు సెలవు కలిపి బయల్దేరాం. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బెజవాడ. అక్కణ్ణుంచి బందరు వైపు బస్సు. బెజవాడ నడిబొడ్డున బట్టలకొట్లతో కళకళలాడే బందరు రోడ్డే పటమట, కానూరు, పోరంకి, పెనమలూరు, కంకిపాడు మీదుగా ఉయ్యూరు చేరుతుంది. ముప్ఫై పైచిలుకు కిలోమీటర్లు. ఊళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి, కంకిపాడు దాకా పట్నం వదిలినట్టే ఉండదు. ఆ తర్వాత మాత్రం కిటికీ లోంచి చల్లగాలి, చెరుకు తోటలు మొదలవుతాయి.

ఉయ్యూరు వచ్చిందని కళ్లు మూసుకుని కూడా చెప్పెయ్యవచ్చు, ముక్కే చెబుతుంది! చెరుకు ఆడే రోజుల్లో ఊరంతా కాగిన బెల్లం వాసనలాంటిది, కొంచెం పులుపు కలిసి గుప్పుమంటుంది. 1941లో పుట్టిన కేసీపీ సంస్థ పంచదార ఫ్యాక్టరీతోనే ఈ ఊరి పేరు నలుగురి నోళ్లలో పడింది. దాని వెనక ఉన్నది ఐసీఎస్ అధికారిగా చేసిన వెలగపూడి రామకృష్ణగారు. ఇక్కడి సిద్ధార్థ కాలేజీ పేరు ముందు ఏజీ అండ్ ఎస్‌జీ అని ఉంటుంది. ఆ ఎస్‌జీ ఏమిటో తెలుసా? షుగర్‌కేన్ గ్రోయర్స్, అంటే చెరుకు రైతులు! తమ పిల్లలు చదువుకునే కాలేజీకి రైతులు తమ పేరే పెట్టుకున్న ఊరన్నమాట. 2022లో జిల్లాలు మారినప్పుడు ఉయ్యూరు రెవెన్యూ డివిజను కేంద్రం కూడా అయింది.

నానమ్మ చెప్పిన జవాబు

అత్తయ్యగారు ఆ ఇంట్లో ఒక్కరే ఉంటారు. మామయ్యగారు పోయి చాలాకాలమైంది. అప్పటికి మావారు పదో తరగతి. "మా దగ్గరికి వచ్చెయ్యండి అత్తయ్యా" అని పిలవని ఏడు లేదు. "మీ మేడమీద నాకేం తోస్తుందే" అని ఆవిడ నవ్వేస్తారు.

సాయంత్రం తిరునాళ్లకు వెళ్లాం. మాఘ శుద్ధ ఏకాదశి, అంటే భీష్మ ఏకాదశి నాడు మొదలై పదిహేను రోజులు సాగే జాతర ఇది. అమ్మవారి ఊరేగింపు, ఉయ్యాల, శిడిబండి అన్నీ చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల జనమంతా వస్తారు. గాజుల కొట్లు, ఖర్జూరాలు, జీళ్లు, రంగులరాట్నాలు... ఆడవాళ్లకు కాళ్లు లాగేదాకా తిరిగినా తనివి తీరదనుకోండి.

వీరమ్మ ఈ ఊరి కోడలని, భర్తను చంపేస్తే ఆయనతో సహగమనం చేసిందని, ఆవిడే ఊరిని కాచే తల్లి అయిందని స్థల కథ. దణ్ణం పెట్టుకుని బయటికొచ్చాక మా అమ్మాయి ఉన్నట్టుండి, "నానమ్మా! ఆవిడ ఎందుకు చచ్చిపోవాలి? బతకొచ్చు కదా?" అంది.

నాకు గుండె ఝల్లుమంది. ఆ ప్రశ్న అడిగింది ఎవరినో చూడండి! సహగమనం తప్పని 1829లో బెంటింకు దొర చట్టం చేశాడని, మరుసటి ఏడాది మన మద్రాసు రాజధానిలోనూ దాన్ని ఆపారని ఏదో పాఠం చెప్పబోయాను. అత్తయ్యగారు చేత్తో వారించారు.

"ఆ రోజుల్లో ఆవిడకి అంతకంటే దారి చూపించినవాళ్లు లేరేమో తల్లీ. అందుకే దణ్ణం పెడతాను. మీ తాతయ్య పోయినప్పుడు నాకు మాత్రం మీ నాన్న కనిపించాడు, చేలో కార్శి తోట కనిపించింది. ఆ ఏడు నేనే కటింగ్ ఆర్డరు తెచ్చుకుని చెరుకు నరికించాను."

కార్శి తోట అంటే మీలో పట్నం వాళ్లకు తెలియకపోవచ్చు. మొదటిసారి ముచ్చెలు నాటి పెంచింది మొక్క తోట. దాన్ని నరికాక మోళ్లు అలాగే భూమిలో వదిలేస్తే మళ్లీ పిలకలు వేసి తోట అవుతుంది. అదే కార్శి. నరికిన చెరుకు ఆలస్యమైతే ఎండి బరువు తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. అందుకే నరకడం, బండికెత్తడం, ఫ్యాక్టరీకి చేర్చడం అన్నీ వెంటవెంటనే జరగాలి. అంతకుముందు చేను గట్టు దాటి ఎరగని మనిషి ఆ పనులన్నీ చక్కబెట్టారట. మా అమ్మాయి ఇంకేం మాట్లాడలేదు. నానమ్మ చెయ్యి మాత్రం ఇంటిదాకా వదల్లేదు.

పుల్లేరు గట్టు మీద

ఆదివారం పొద్దున్నే అత్తయ్యగారు పెరట్లోంచి కేకేశారు. "ఒరే అబ్బాయ్! పక్కింటి పిల్ల సైకిలు అడిగి తెచ్చాను. నీ కూతురికి కాస్త నేర్పించరా." ఆవిడకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. బహుశా రాత్రి పక్కలో పడుకుని మనవరాలే చెప్పి ఉంటుంది.

ఉయ్యూరు మధ్య నుంచి పారుతుంది పుల్లేరు కాలవ. కృష్ణకు బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా ఇలా కాలవలు అల్లుకున్నాయి. ఇప్పుడు అక్కడున్న ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. మేం వెళ్లేసరికి కాలవలో నీళ్లు సగానికి ఉన్నాయి. ఊరు దాటాక గట్టు మీద జనం పల్చగా ఉన్న చోటు చూసుకున్నాం.

మావారు సీటు వెనక పట్టుకున్నారు. పట్టుకున్నారే గానీ ఎలా నేర్పాలో తోచడం లేదని చూస్తేనే తెలుస్తోంది. "ముందు చూడు... కాదు, పెడలు... కాదు, బ్రేకు" అంటూ ఆయనే కంగారు పడుతున్నారు. రెండుసార్లు పడింది. మోకాలు చెక్కుకుపోయింది. "చాల్లే నాన్నా, నీకు టైమవుతుందేమో" అంది అమ్మాయి. ఎత్తిపొడుపు కాదండీ, మామూలుగానే అంది. అందుకే ఆ మాట ఆయనకు బాగా తగిలింది.

సైకిలు స్టాండు వేసి గట్టు మీద కూర్చున్నారు. కాసేపటికి నెమ్మదిగా అన్నారు. "నాకు నేర్పడం చేతకాదమ్మా. నన్నెవరూ వెనక పట్టుకోలేదు. మా నాన్న సీజనంతా రాత్రిళ్లు చెరుకు బళ్ల వెంటే ఉండేవాడు. ఆయన పెద్ద సైకిలు ఎవరూ చూడకుండా తీసుకొచ్చి, బారు కింద నుంచి కాలు దూర్చి, ఈ గట్టు మీదే పడుతూ లేస్తూ నేర్చుకున్నా. నీకు నేర్పుతూ పడేస్తానేమోనని భయం. అందుకే రేపు రేపు అంటూ వచ్చా."

పదహారేళ్ల కాపురంలో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఈ మనిషికి పిల్లకంటే సైకిలే ఎక్కువని ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆదివారం ఐదింటికి లేచి తొక్కేది ఆ గట్టునేనని నాకేం తెలుసు?

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఏమీ చెప్పలేదు, వెనక పట్టుకుని పరిగెత్తారంతే. మధ్యలో నా చేతిలో ఉన్న ఆయన ఫోను మోగింది. ఆఫీసు నుంచి. "ఏమండీ" అని చూపించాను. వద్దన్నట్టు తల ఊపారు. "వదలకు నాన్నా, వదలకు!" అని అమ్మాయి అరుస్తూనే ఉంది. ఆయన వదిలేసి అప్పటికి పది గజాలు వెనక పడ్డారు. ముందుకెళ్లి, తుమ్మచెట్టు దగ్గర ఆగలేక గడ్డిలో పడి, లేచి పకపకా నవ్వింది చూడండి! రెండేళ్ల బాకీ అక్కడ తీరింది.

చెరుకు రసం పరమాన్నం

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు పరమాన్నం చేసి ఉంచారు. ఎలాగో రాసుకోండి. గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల చెరుకు రసం. బజారులో తెచ్చేటట్లయితే ఐసు, అల్లం, నిమ్మకాయ వెయ్యకుండా తియ్యమనండి. రసం నిలవుంటే నల్లబడుతుంది కాబట్టి వెంటనే గుడ్డలో వడకట్టి కాచాలి. పైన తేలే నురుగు తీసెయ్యాలి. ముందుగా బియ్యాన్ని రెండు గ్లాసుల నీళ్లతో ముప్పావు వంతు ఉడికించి, ఆ తర్వాతే కాచిన రసం పోసి సన్నని సెగ మీద దగ్గర పడనివ్వాలి. తొందరపడి బియ్యాన్ని రసంలోనే వేశారా, తీపికి గింజ బిరుసెక్కి ఎంతకీ ఉడకదు. చివర్లో నేతిలో వేయించిన కొబ్బరి ముక్కలు, యాలకుల పొడి. పంచదార అక్కర్లేదు. పాలు కావాలంటే చల్లారాకే కలపండి, వేడి మీద పోస్తే విరిగే ప్రమాదం ఉంది.

మీరూ వెళ్లాలనుకుంటే సంక్రాంతి దాటాక మాఘమాసం మంచిది. ఎండ ఉండదు, చెరుకు ఉంటుంది. తిరునాళ్లలో తొక్కిడి ఎక్కువ, మెడలో గొలుసులు జాగ్రత్త. చిన్నపిల్లల జేబులో ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. ఇంకో రోజు ఉండగలిగితే పామర్రు మీదుగా కూచిపూడి, బౌద్ధ స్తూపమున్న ఘంటసాల కూడా చూసి రావచ్చు.

ఇంటికొచ్చాక మావారు పూర్తిగా మారిపోయారని చెబితే మీరు నమ్మరు, నేనూ చెప్పను. మొక్కలు, రేడియో అలాగే ఉన్నాయి. కానీ నెలకు రెండు ఆదివారాలు స్నేహితులతో వెళ్లడం మానేసి, తండ్రీ కూతుళ్లు కాలనీ చుట్టూ తొక్కి వస్తున్నారు. మిగతా రెండు ఆదివారాలకు నేనేం తగువు పెట్టుకోవడం లేదు.

మీ ఇంట్లోనూ పిల్లలు ఏదైనా అడిగీ అడిగీ ఊరుకుంటే, అదీ బుద్ధిమంతులే అనుకోకండి. నాన్నగారిని ఓసారి ఆయన పుట్టిన ఊరికి తీసుకెళ్లి, ఓ పూట గట్టు మీద కూర్చోబెట్టండి. ఏం చెబుతారో వినండి.