మా పాప చూపించిన సెకండ్ షో

సినిమాలో పసిబిడ్డకి జబ్బు చేస్తే ఎంతసేపు చెప్పండి? తల్లి కెవ్వుమంటుంది. డాక్టరుగారు సంచీతో పరుగెత్తుకొస్తారు. 'ఇరవై నాలుగ్గంటలు గడవాలి' అంటారు. హీరోయిన్ జోలపాట అందుకుంటుంది. రెండో చరణానికల్లా బిడ్డ హాయిగా నిద్రపోతుంది. మనం కళ్ళు తుడుచుకుని ఇంటర్వెల్లో చెనక్కాయలు కొనుక్కుంటాం!

నేనూ అంతే అనుకున్నాను... నాకు కూతురు పుట్టేదాకా.

కిందటి పుష్యమాసం సంగతి. మా ఆవిడ పుట్టిల్లు కుప్పం. కాన్పుకి వెళ్ళిన మనిషిని, ఏడు నెలల పాపని మదనపల్లెకి తీసుకొస్తున్నాను. బస్సెక్కేటప్పుడే పాపకి ముక్కు కారుతోంది. "ఏం కాదులే నాయనా, చలికాలం గదా" అంది మా అత్త. వి.కోట, పలమనేరు దాటి పుంగనూరు చేరేసరికి పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. ఇంకో గంటలో మదనపల్లె చేరిపోతాం. అయినా మా ఆవిడ ఒప్పుకోలేదు. పుంగనూరులో మా అక్క ఇల్లుంది. అక్కడే దిగిపోయాం.

అసలు సినిమా ఆ రాత్రి మొదలైంది! పాప పాలకి నోరు పెడుతుంది. ముక్కు మూసుకుపోయి ఊపిరాడక వదిలేస్తుంది. ఆకలితో ఏడుస్తుంది. ఏడ్చినకొద్దీ ముక్కు ఇంకా బిగుస్తుంది. పడుకోబెడితే అయిదు నిమిషాలు, భుజాన వేసుకుంటే పది నిమిషాలు. అంతకుమించి నిద్ర లేదు. నాకొచ్చిన పాటలన్నీ పాడాను. 'స్వాతిముత్యం' (1986)లో లాలిపాట ఉంది చూడండి, సినారె రాసింది, ఇళయరాజా బాణీ కట్టింది! సుశీలమ్మ పాడితే థియేటరంతా ఉయ్యాల ఊగినట్టుండేదట. నేను పాడితే పక్కింటి కుక్క లేచింది!

కుక్కతో పాటు పక్కింటి అవ్వ కూడా లేచొచ్చింది. చేతిలో దగ్గుమందు సీసా. "మా మనవడికి ఇదే పోస్తా ఉంటిమి నాయనా. ఒక్క చెంచా పొయ్యి. తెల్లారేదాకా కదిలితే అడుగు" అంది.

నిజం చెప్పొద్దూ... చెయ్యి చాచాను. రాత్రి రెండు గంటలప్పుడు నిద్ర లేని తండ్రికి అంతకంటే తియ్యని మాట ఏముంటుంది?

అవ్వ చేతిలోంచి సీసా మెల్లగా తీసుకుంది మా అక్క. అక్క ఆశా వర్కరు. "వద్దులే అవ్వా, నువ్వు పోయి పడుకో" అని అవ్వని పంపేసి, నా వైపు తిరిగింది. "పేపరు చదవవారా నువ్వు? సినిమా పేజీ ఒక్కటేనా?"

తల దించుకున్నాను. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో దగ్గుమందు తాగిన పసిబిడ్డలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడే హెచ్చరించింది. ఇదంతా నేను చదివిందే. చదివి పేజీ తిప్పేశాను.

"విషం కలవకపోయినా సరే, మత్తులో పడున్న బిడ్డకీ నిద్రపోయే బిడ్డకీ తేడా నీకెట్లా తెలుస్తుందిరా?" అంది అక్క.

తర్వాత ఉప్పునీటి చుక్కలు, అదే మందులషాపులో దొరికే సెలైన్ చుక్కలు, పాప ముక్కులో వేసింది. కాసేపాగి పాలు పట్టమంది. పాప గుటకలు వేస్తుంటే మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు! పాలు తాగి భుజం మీద జోగిన పాపని దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టించింది అక్క. మేం కప్పిన రెండు రగ్గులూ తీసేసింది. జ్వరమున్న బిడ్డని మూటగట్టకూడదట.

"ఇప్పుడు ఫోన్లో గడియారం పెట్టుకో. పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం పూర్తిగా లెక్కపెట్టు" అంది.

ఆ లెక్క మీరూ గుర్తుంచుకోండి, రేపు మీకూ పనికొస్తుంది. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకి నిమిషానికి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్ళలోపు 40... ఊపిరి అంతకి చేరినా, దాటినా ఆస్పత్రికి పోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది. డొక్కలు లోపలికి లాగుతున్నా, పెదాలు నీలమైనా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా, పాలు బొత్తిగా తాగకపోయినా 108కి ఫోన్ చెయ్యాలి. మూడు నెలల్లోపు బిడ్డకైతే ఒట్టి జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.

మా పాపకి 44 వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. 42. ఆ అంకెలు విన్నాక గానీ మా ఆవిడ గోడకి ఆనుకోలేదు.

పొద్దున్నే మదనపల్లె చేరి డాక్టరుకి చూపించాం. జలుబుతో వచ్చిన జ్వరమేనన్నారు. బిడ్డ బరువుని బట్టి పారాసిటమాల్ చుక్కలు రాశారు. నిద్రపోతుంటే ఆ చుక్కల కోసం లేపక్కర్లేదన్నారు, పాలు మాత్రం మరిచిపోవద్దన్నారు. చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనుతుంది కాబట్టి చాప మీదే పడుకోబెట్టమన్నారు.

గాలి మంచిదని వందేళ్ళ కిందటే క్షయరోగుల కోసం ఆరోగ్యవరం ఆస్పత్రి వెలిసిన ఊరు మాది. ఎవరెవరో ఊపిరి కోసం వచ్చిన ఊళ్ళో, ఇంకో రెండు రాత్రులు నా కూతురి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. మూడో రాత్రి జ్వరం దిగింది.

కథ సుఖాంతమే గానీ చిన్న తోక మిగిలింది. భుజం రుచి మరిగిన పాప చాప మీద పడుకోనంది! దాన్నేమనగలం? జబ్బులో ఎత్తుకున్నది మనమే గదా. రోజూ అదే వేళకి, అదే పాటతో, కళ్ళు మూతలు పడుతున్నప్పుడే కింద పడుకోబెట్టి పక్కన చెయ్యి వేశాం. వారం పట్టింది దారికి రావడానికి.

నిన్న రాత్రి సెకండ్ షోకి రమ్మని స్నేహితులు పిలిచారు. టిక్కెట్టు కూడా తీసి పెట్టారు. బయల్దేరే ముందు అలవాటుగా పాప పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ముప్ఫై చిల్లర. జలుబు లేదు, జ్వరం లేదు. ఇంకొక్క నిమిషం చూసి వెళదామనుకున్నాను...

సినిమా ఎలా ఉందని మాత్రం నన్నడక్కండి!