బొమ్మకు వీడ్కోలు

కాలేజీనుంచి వచ్చిన మా మనుమరాలు టిఫిను ముట్టకుండా మూల కూర్చుని కళ్లు తుడుచుకుంటుంటే, పరీక్ష తప్పింది కాబోలు ననుకున్నాను. తీరా అడిగితే, "అక్వా యివాళ మానేస్తోంది, తాతయ్యా!" అంది.

అక్వా ఎవరంటారా? నేనూ అదే అడిగాను. మా మల్కాజ్‌గిరిలో ఆ పేరుగల పిల్లను నేనెరుగను. చివరకు తేలిందేమంటే, ఆవిడ వుండేది జపానులో, అదీ బొమ్మగా!

2024 ఆగస్టు 28వ తేదీనాటి మాట యిది. మినాతో అక్వా అనే ఆ బొమ్మకు పనిపిల్ల వేషం, గులాబీరంగు జుట్టు, అందులో నీలిపాయలు. తెరవెనుక నిజం మనిషి కూర్చుని వీడియో ఆటలాడుతూ కబుర్లు చెబుతుంది. ఆమె తల తిప్పితే కెమెరా కనిపెట్టి బొమ్మ తల తిప్పుతుంది. రెప్ప వాలిస్తే రెప్ప వాలుస్తుంది. మన తోలుబొమ్మలాటే ననుకోండి. పుల్లలకు బదులు కెమెరా. చూసేవాళ్లు వ్రాసే మాటలు పక్కన వరసగా వస్తుంటే, చదివి జవాబు చెబుతుంది. హోలోలైవ్ అనే సంస్థ తరపున 2018 ఆగస్టులో మొదలుపెట్టింది. జపాను భాష రాని దేశాలవాళ్లు కూడా, అభిమానులు తర్జుమా చేసి పెట్టిన ముక్కలు చూసి వచ్చి చేరారు. ఆరేళ్లలో చందాదారులు యిరవై లక్షలు దాటారు. సంస్థ దారీ తన దారీ వేరయ్యాయని చెప్పి, ఆవేళ సెలవు తీసుకుంటోంది.

"మొహమైనా చూడని మనిషికోసం యీ యేడుపేమిటే?" అని కసిరాను.

"ఆమెకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బెరుకట, తాతయ్యా. నాకులాగే. అయినా అన్ని లక్షలమందితో మాట్లాడింది కదా!"

నా నోరు మూతపడింది. ఇంటికి చుట్టాలొస్తే యీ పిల్ల తలుపు చాటున నక్కుతుంది. దానికి ధైర్యం చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. సముద్రాల అవతలి బొమ్మ చెప్పింది.

అంతలో నా చిన్నతనం గుర్తుకొచ్చింది. ఆదివారం వస్తే పక్కింటివారి రేడియో ముందు చేరి, బాలానందం వినేవాళ్లం. న్యాయపతి రాఘవరావుగారు మాకు రేడియో అన్నయ్య. కామేశ్వరిగారు రేడియో అక్కయ్య. వారి మొహాలు నేనేనాడూ చూడలేదు. గొంతులు మాత్రం ఇంట్లోవాళ్ల గొంతులంత తెలుసు. 1984లో ఆయన పోయారని పేపర్లో చదివి, కాఫీ తాగకుండా కూర్చుండిపోయాను.

"మీ వాళ్లెవరైనా పోయారా?" అని గాభరాగా అడిగింది మా ఆవిడ.

"అన్నయ్య" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు.

కుర్చీ లాక్కుని మనుమరాలి పక్కన కూర్చున్నాను. జపాను భాష నాకు ఒక్క ముక్క రాదు. అది చెబుతూ వుంటే వింటున్నాను. అరగంటసేపు ఆగకుండా మాట్లాడింది, ఆ పిల్ల!

మా కోడలు వంటింట్లోనుంచి తొంగిచూసి, "ఏమయింది మామయ్యగారూ, యిద్దరూ అలా వున్నారు?" అంది.

"ఏం లేదమ్మా, తెలిసినావిడ వెళ్లిపోతోంది. చూసి వస్తాం" అన్నాను.