గన్నవరపు పొగమంచు

మా యిల్లు గన్నవరము విమానాశ్రయమునకు రెండుకోసుల దూరమున నున్నది. అయినను విమానములనుగూర్చి నేనెన్నడును విచారించినదానను గాను. మూడేండ్ల క్రిందట పుష్యమాసమున మా అమ్మాయి హైదరాబాదునుండి వచ్చునప్పుడు, తెల్లవారిన పిమ్మట విమానపు మ్రోత మా పెరటిమీద మూడుమారులు వినవచ్చెను. విమానము మాత్రము దిగలేదు. పొగమంచుచే వెనుకకు మరలిపోయెను. నేను దానిని నడపువానిని నోరార తిట్టితిని. సాయంకాలమునకు బస్సులో వచ్చిన అమ్మాయి, "అమ్మా, అతడు దిగకపోబట్టియే నేను నీయెదుట కూర్చుంటిని" అని, ఫోనులో విమానాశ్రయపు వాతావరణ నివేదికను చదువుట నేర్పినది.

సోదరీమణులారా, అది బ్రహ్మవిద్య గాదు. వి, ఓ, బి, జెడ్ అను నాలుగక్షరములు గన్నవరమునకు గుర్తు. వేళ గ్రీనిచ్ కాలమున నుండును. 1530 అని యున్నచో మనకు రాత్రి తొమ్మిదిగంటలు. పిదప గాలి వచ్చు దిక్కు, దాని వేగము, ఎన్ని మీటర్లవరకు చూపు ఆనునో ఆ లెక్క. గాలి దిక్కేల యందురా? విమానము గాలికెదురుగా దిగవలెను. రన్‌వేకు పడమటికొనను 08 అనియు, తూర్పుకొనను 26 అనియు వ్రాసియుందురు. తారుమారుగా వ్రాసిరనుకొంటిని. ఆ యంకె కొన యున్న దిక్కును గాక, దిగు విమానపు మొగమున్న దిక్కును దెలుపునట! 08 అనగా 80 భాగలు, దాదాపు తూర్పు.

నాకు ముఖ్యముగా దోచినవి 18/12 వంటి జంట యంకెలు. మొదటిది గాలి వేడిమి. రెండవది, ఎంతకు చల్లబడినచో అందలి తేమ బొట్లుగా మారునో ఆ వేడిమి. నిర్మలాకాశమున, గాలి నిలిచిన రాత్రి, ఈ రెండును దగ్గరపడినచో మంచునకు భయపడవలెను.

నిరుడు చలికాలమున మా అత్తగారు మంచము పట్టిరి. డాక్టరు పెదవి విరిచెను. "మనుమడెప్పుడు వచ్చును?" అనునదియే ఆమె ప్రశ్న. మా అబ్బాయి హైదరాబాదునుండి ఉదయపు విమానమునకు టిక్కెట్టు కొనెను. రాత్రి తొమ్మిదిగంటల నివేదిక చూచితిని: గాలి సున్న, 20/19.

"నాయనా, ఇప్పుడే రైలెక్కుము" అంటిని.

"సీటెక్కడిదమ్మా? రాత్రియంతయు నిలువబడవలెను. విమానమైన గంటలో దిగుదును."

"నిలువబడియే రమ్ము."

విసుగుకొనుచునే యెక్కెను. ఆరుగంటలకు గుమ్మములో నడుగుపెట్టెను. అత్తగారు వాని చేయి పట్టుకొని, "ఏమైన తింటివా?" అని యడిగిరి.

తెల్లవారుజామున పిల్లగాలి లేచినది, మంచు కమ్మనేలేదు. నా లెక్క తప్పినది. ఏడున్నరకు మావాడు టిక్కెట్టు కొన్న విమానము మా యింటిమీదుగా దిగుచున్న మ్రోత వినవచ్చెను. అత్తగారు కన్నుమూసి అప్పటికి అరగంట యైనది.