పంటికి మూడవ పుట్టుక లేదు

సంస్కృతమున దంతమునకు ద్విజమని పేరు. రెండుమార్లు పుట్టునది గనుక నా పేరు వచ్చినది. మూడవ పుట్టుక దానికి లేదు. చిన్ననాట అమరము వల్లించిన మేము ఆ మాటలోని యర్థమును ముప్పదియైదవ యేట గాని గ్రహింపమైతిమి.

గత సంవత్సరము మా దవడపంటికి పుచ్చు పట్టగా కర్నూలులో నొక వైద్యునిచేత పంటిరంగు పూడిక వేయించుకొంటిమి. మావారు బడినుండి భోజనమునకు వచ్చు వేళ యగుచున్నదని, త్వరగా కానిండని రెండుమార్లు హెచ్చరించితిమి. నడుమ నోరు మూసి ఉమ్మి మ్రింగితిమి. ఎనిమిది నెలలు తిరుగకమునుపే జొన్నరొట్టె నములుచుండగా పూడిక యూడి చేతికి వచ్చెను. సరకు మంచిది కాదని వైద్యుని నిందించి, పది దినములు లవంగనూనెతో గడపితిమి. నొప్పి తాళలేక, పుట్టినింటికి పోయినపుడు కడపలో నొక వైద్యురాలికి చూపితిమి.

ఆమె యోపికతో చెప్పిన సంగతులివి. ఈ పూడికను కాంపోజిట్ అందురు. 1962లో అమెరికాలో బోవెన్ అను శాస్త్రజ్ఞుడు పేటెంటు పొందిన రెజిన్ అను జిగురుపదార్థమే దీనికి మూలము. అందు మెత్తని గాజుపొడి కలుపుదురు. బేతంచెర్ల బండ యెంత గట్టిదైనను నడుమ సున్నము పట్టనిచో గోడ నిలువదు గదా! అట్లే గాజురేణువులు రెజిన్‌ను విడువకుండుటకు వానికి సిలేన్ అను పూత పూయుదురు.

ఇక పంటితో బంధము. పంటి పైపొరను ఆమ్లముతో గరుకుచేసి జిగురు పట్టించు నుపాయమును 1955లో బ్యూనోకోర్ అను నతడు ప్రకటించెను. ఆ వేళ ఉమ్మి సోకినచో బంధము చెడును. నీలికాంతి తగిలి రెజిన్ గట్టిపడునపుడు నూటికి 2, 3 పాళ్లు ముడుచుకొనును. ఒక్కమారే నింపినచో అంచున సందు విడుచును; అడుగునకు కాంతి చాలదు. అందుచేత సామాన్యముగా 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేసి, పొరపొరకును వెలుగు చూపవలెను. మా తొందర యెంత పని చేసెనో అప్పుడు తెలిసినది.

మా పండ్లమీది గోధుమరంగు మరకలు చూచి, చిన్ననాడు త్రాగిన నీరెట్టిదని యామె యడిగెను. ఫ్లోరైడు నీటితో పెరిగినవారి పంటిపొరకు ఆమ్లము సులభముగా పట్టదట. కొందఱికి హెచ్చు సేపు ఉంచవలసి యుండునట. నాటి చెన్నరాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ నీటి వ్యాధిని గూర్చి వైద్యులు 1937లోనే వ్రాసిరి. ఆ సంగతి మొదటి వైద్యునికి మేము చెప్పనే లేదు.

ఊడిన పూడిక క్రింద పుచ్చు మఱింత లోతునకు పోయియుండెను. ఇంకను ఉపేక్షించినచో నరమును తాకెడిదని యామె మందలించెను. ఈసారి పంటిచుట్టు రబ్బరుతెర కట్టించుకొని గంటసేపు కదలక కూర్చుంటిమి. ఆ దినమున మావారు తామే వడ్డించుకొని భుజించిరి; ఎవరికిని లోటు కలుగలేదు.

పూడిక నిలిచినను దాని యంచున మరల పుచ్చు పుట్టవచ్చును గనుక రాత్రి పండ్లు తోముకొనక నిద్రింపము. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల యున్నది. పైకము చాలదని వెనుదీయ నక్కఱలేదు. సోదరీమణులారా, బిడ్డల పండ్లు చూపించుటకు పోయిన దినమున మీ నోరును తెరచి చూపుడు. తొందరపెట్టకుడు.