లంగరు దించిన తరువాత

కరేబియన్ సముద్రంలో జూన్ మొదలు నవంబరు వరకు తుఫానుల కాలం. 2004లో ఐవాన్ తుఫాను గ్రెనడా ద్వీపాన్ని అతలాకుతలం చేసింది. 2024 జూలై 1న బెరిల్ తుఫాను ఆ దేశానికే చెందిన కరియకూ ద్వీపాన్ని తాకి, ఆశ్రయం కోరి చేరిన పడవలను సైతం ధ్వంసం చేసింది. అందుకే తెరచాప పడవలనే ఇళ్లుగా చేసుకొని దేశాలు తిరిగే యాత్రికులు ఎందరో ఆ నెలల్లో దక్షిణానికి సాగి ట్రినిడాడ్ చేరుకుంటారు. భూమధ్యరేఖకు చేరువగా ఉన్న ఆ ద్వీపానికి పెనుతుఫానుల తాకిడి అరుదు.

చాగ్వారామస్ రేవులో లంగరు దించిన యాత్రికుడు ముందుగా సుంకాల అధికారులకు, వలస అధికారులకు పత్రాలు చూపాలి. అది గంటల్లో తీరే పని. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు అలవాటు పడడానికి మాత్రం నెలలు పడుతుంది. గాలి దిశ, ఆటుపోట్లు, నక్షత్రాల జాడ ఎరిగినవాడు కూడా నగరవీధిలో పసివాడే. పసుపుపచ్చ చార గల తెల్లని మాక్సీ టాక్సీ ఎక్కగానే లోపలివారందరికీ శుభోదయం చెప్పాలి. మౌనంగా కూర్చుంటే మర్యాద తెలియనివాడని భావిస్తారు. వీధి చివర బండి వద్ద రెండు మెత్తని బారాల మీద శనగల కూర వేసి ఇచ్చే 'డబుల్స్' తినేటప్పుడు 'స్లైట్' అనాలి. కాస్త కారం చాలునని దాని అర్థం.

ఆ శనగల కూర వెనుక మరొక ఓడ కథ ఉంది. 1845 మే 30న 'ఫతేల్ రజాక్' అనే ఓడ రెండు వందల పైచిలుకు భారతీయులను ఆ తీరానికి చేర్చింది. 1917 వరకు సాగిన ఆ వలసలో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన తమిళులు, తెలుగువారు కూడా ఉన్నారు. తలచినప్పుడు లంగరెత్తి వెళ్లే స్వేచ్ఛ వారికి లేదు. చెరకుతోటల ఒప్పందాలు వారిని కట్టివేశాయి. అయినా వారు తమ వంటను, పండుగను ఆ నేలకిచ్చి, ఆ నేల మాటను, పాటను స్వీకరించారు.

స్వేచ్ఛ ఉన్న నేటి యాత్రికుడు సాటి పడవలవారితోనే కాలక్షేపం చేసి, ఊరు ఎరుగకుండానే తిరిగి వెళ్లవచ్చు. లేదా, పనులు పక్కనపెట్టి నలుగురూ చేరి కబుర్లాడుకునే 'లైమింగ్'లో తానూ ఒకడు కావచ్చు. తుఫాను నుంచి పడవను కాపాడేది రేవు. ఒంటరితనం నుంచి మనిషిని కాపాడేది ఊరు. తెరచాప ఎత్తే నాడు పేరు పెట్టి పిలిచి వీడ్కోలు చెప్పేవారు ఒడ్డున ఒక్కరైనా ఉంటే, అతడు ఆ నగరంలో జీవించినట్లే.