తగిలించిందెవరు?

2013 జులైలో అమ్మ తెనాలి నుంచి ఒహాయో వచ్చింది. వచ్చిన వారానికి, అమెరికా వచ్చిన ప్రతి తల్లీ అడిగే ప్రశ్నే తనూ అడిగింది. "పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుని నువ్వు చేసేదేమిట్రా?"

"ఒకే ప్రోగ్రాముని ఓ ముప్పైమంది కలిసి రాస్తుంటారమ్మా. వాళ్ళలో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా, వెంటనే అన్నీ కలిపి కట్టి, పరీక్షలు పెట్టి, బాగుంటే బాగుందనీ లేకపోతే ఫలానా మార్పుతో చెడిందనీ చెప్పే సర్వరొకటి ఉంటుంది. దాని ఆలనాపాలనా నా పని."

"మరి అన్ని రకాల పరీక్షలూ దానికెలా తెలుసు?" అంది అమ్మ. మా మేనేజరు కూడా ఎప్పుడూ అడగని ప్రశ్న అది. వంటింట్లోకి తీసుకెళ్ళి వెట్ గ్రైండరు చూపించాను. "దీనికి మోటారు ఒకటే కదా. బండలు పెడితే పిండి రుబ్బుతుంది. అవి తీసి కొబ్బరికోరు తగిలిస్తే కొబ్బరి తురుముతుంది. ఇంకోటి తగిలిస్తే చపాతీపిండి కలుపుతుంది. మా సర్వరూ అంతే. ఆ తగిలించేవాటిని ప్లగిన్లంటాం."

అమ్మ తృప్తిగా తలూపింది. ఈ పోలిక నాకే తిరిగి తగులుతుందని అప్పుడు అనుకోలేదు.

ఆ సర్వరు పేరు జెంకిన్స్. కొహ్‌సుకె కవాగుచి అనే జపాను దేశస్థుడు సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తూ 2004లో సొంత సరదాకి మొదలుపెట్టాడు. తను చేసిన మార్పు వల్ల బిల్డు చెడిపోయి తోటివాళ్ళకి దొరికిపోవడం విసుగనిపించి, ఆ సంగతి వాళ్ళకంటే ముందు తనకే తెలియాలని రాసుకున్నాడట. అప్పుడు దాని పేరు హడ్సన్. 2010లో సన్‌ని ఒరాకిల్ కొన్నాక ఆ పేరు ఎవరిదన్న పేచీ వచ్చింది. 2011 జనవరిలో దాన్ని నమ్ముకున్నవాళ్ళు ఓట్లేసుకుని జెంకిన్స్ అని మార్చుకున్నారు. పేరు మారినా పాత గుర్తు పోలేదు. ప్లగిన్ ఫైళ్ళ చివర ఈరోజుకీ 'హెచ్‌పిఐ' అని ఉంటుంది. హడ్సన్ ప్లగిన్ అన్నమాట.

అన్నీ తనే రాయాలనుకోకపోవడం కవాగుచి చేసిన తెలివైన పని. 'ఇక్కడ మీకు కావలసింది తగిలించుకోండి' అని ప్రోగ్రాములో అక్కడక్కడా చోట్లు వదిలాడు. జావాలో ఒక క్లాసు రాసి, దాని నెత్తిన 'ఎక్స్‌టెన్షన్' అని గుర్తు పెడితే చాలు. సర్వరు లేచేటప్పుడు ఆ గుర్తున్న వాటన్నిటినీ ఏరుకుని తనలో కలుపుకుంటుంది. ఇవాళ అలాంటి ప్లగిన్లు దాదాపు 2,000 ఉన్నాయి. వాటిలో నాకు ముచ్చటైన దొకటుంది. ఆ రోజుల్లో బిల్డు బాగుంటే జెంకిన్స్ నీలం బంతి చూపించేది. జపానులో ట్రాఫిక్ పచ్చదీపాన్ని నీలం అనే అంటారు మరి. మనకేమో పచ్చ కావాలి. కేవలం ఆ బంతికి పచ్చరంగు వెయ్యడానికే ఎవరో ఒక ప్లగిన్ రాస్తే లోకమంతా తగిలించుకుంది. మేమూ తగిలించుకున్నాం.

మేము అంటే ఒక బీమా కంపెనీలో కాంట్రాక్టర్లం. మాలో ఖమ్మం కుర్రాడొకడు ఉండేవాడు. దేశానికొచ్చి రెండేళ్ళు. నన్ను "అన్నా" అనేవాడు, అమ్మని "పెద్దమ్మా" అనేవాడు. ఆదివారం భోజనం మా యింట్లోనే. గ్రైండరు కొబ్బరికోరు బిగుసుకుపోతే విప్పి బాగుచేసి ఇచ్చింది కూడా వాడే.

ఆ కంపెనీకి కావలసిన ప్లగిన్ బయట ఎక్కడా దొరకలేదు. ప్రీమియం లెక్కగట్టే ప్రోగ్రాముల్లో ఏ మార్పు జరిగినా దానికి పైవాళ్ళ అనుమతి ఉందో లేదో చూసి, లేకపోతే బిల్డు అక్కడే ఆపెయ్యాలి. దాన్ని మా కుర్రాడు నెల రోజుల్లో రాశాడు. అంతా కొత్తగా రాయకుండా, అప్పటికే ఉన్న వేరే ప్లగిన్‌లోని ఒక క్లాసు మీద ఆధారపడి కట్టాడు. అందులో తప్పేమీ లేదు, అందరూ చేసే పనే.

నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం. పిల్లని కూచిపూడి క్లాసుకి తీసుకెళ్ళాలి. 23 ప్లగిన్లకి కొత్త వెర్షన్లు వచ్చాయని సర్వరు చాలా రోజులుగా పోరుతోంది. జాబితా తెరిచి, 'అన్నీ' అని టిక్కుపెట్టి, నొక్కేశాను. వాటిలో ఒకదాని కింద ఎర్రక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంది. కొత్త వెర్షన్ సెట్టింగులు దాచే పద్ధతి వేరు, వెనక్కి వెళ్ళడం కష్టం కావచ్చు అని దాని సారాంశం. నేను చదవలేదు. మర్నాడు కాపీ సర్వరు మీద చూసి చెయ్యవలసిన పని అది. 5:40కి సర్వరు మళ్ళీ లేచింది. ఒక బిల్డు నడిపాను. పచ్చబంతి వచ్చింది. వెళ్ళిపోయాను.

సర్వరు చెడిపోయి ఉంటే బాగుండేది. అది చెడిపోలేదు. కొత్త వెర్షన్‌లో మావాడు ఆధారపడ్డ క్లాసుని తీసేశారు. దాంతో వాడి ప్లగిన్ లేవలేకపోయింది. అలా జరిగినప్పుడు జెంకిన్స్ పని ఆపదు. తనకి అర్థంకాని సెట్టింగుని పక్కన పెట్టి, లాగ్‌లో ఒక ముక్క రాసి, మిగతా పని కానిచ్చేస్తుంది. కాబట్టి అనుమతి చూసే మెట్టు ఒక్కటీ మాయమై, మిగతావన్నీ మామూలుగా నడిచాయి. సోమవారం రాత్రి విడుదలలో అనుమతి లేని మార్పులు మూడు బయటికెళ్ళాయి. అన్నిటికీ పచ్చబంతులే.

మంగళవారం మీటింగులో "ఆపాల్సిన ప్లగిన్ ఎందుకు ఆపలేదు? అదెవరు రాశారు?" అని అడిగారు. స్క్రీను మీద మావాడి పేరుంది. అందరూ వాడివైపు చూశారు. అప్పటికి లాగ్ చూశాను నేను. శుక్రవారం 5:41కి ఆ ప్లగిన్ లోడు కాలేదని స్పష్టంగా ఉంది. "కారణం వెతుకుతున్నాం" అన్నాను. అది అబద్ధం కాదనీ, పూర్తిగా తెలిశాక చెబుదామనీ నాకు నేనే చెప్పుకున్నాను. నా గ్రీన్ కార్డు కాగితాలు అప్పుడు నడుస్తున్నాయి. ఆ సంగతి కూడా నాకు నేను చెప్పుకున్నాను.

బుధవారం సాయంత్రానికి వాడి కాంట్రాక్టు వచ్చే శుక్రవారంతో ముగిస్తున్నారని తెలిసింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది.

"ఆ పిల్లాడికి పని ఎందుకు పోయిందిరా?"

"వాడు రాసిన ప్లగిన్ సరిగ్గా పనిచెయ్యలేదమ్మా."

అమ్మ గ్రైండరు వైపు చూసింది. "నిన్నటిదాకా బాగానే చేసింది కదా. తగిలించిందెవరు?"

నేను మాట్లాడలేదు. అమ్మ కూడా మళ్ళీ అడగలేదు.

గురువారం పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళి లాగ్ చూపించి జరిగింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "చెప్పినందుకు థాంక్స్, కానీ వాళ్ళ కంపెనీకి కాగితం వెళ్ళిపోయింది" అన్నాడు. నాకు ఒక హెచ్చరిక ఈమెయిలు వచ్చింది, అంతే. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోయాక దొరికే 60 రోజుల గడువు 2017లో వచ్చింది. 2013లో అదీ లేదు. మావాడి కంపెనీ వాడిని బెంచి మీద ఉంచింది. మూడు వారాలకి టెక్సాస్‌లో ప్రాజెక్టు దొరికింది. ఆ మూడు వారాలు ఎలా గడిచాయో నాకు చెప్పలేదు. నేను మేనేజరుతో మాట్లాడానని నేనూ వాడికి చెప్పలేదు. చెబితే శుక్రవారం సంగతి కూడా చెప్పాలి కదా. పోతూ పోతూ ప్లగిన్ గురించి రెండు పేజీల నోట్సు ఇచ్చి వెళ్ళాడు. మొదటి వాక్యం: 'దీన్ని తాకేముందు కాపీ సర్వరులో చూడండి.' తారీఖు చూస్తే సెప్టెంబరు. అంటే నేను నొక్కకముందు రాసిందే.

తరవాత రెండేళ్ళు, ఆ కాంట్రాక్టు ఉన్నంతకాలం, ఆ ప్లగిన్‌ని నేనే కనిపెట్టుకుని ఉన్నాను. జెంకిన్స్ లోకంలో రాసినవాళ్ళు వదిలేసిన ప్లగిన్లకి 'దత్తతకు సిద్ధం' అని గుర్తు పెడతారు. ఒకప్పుడు ఎవరో రాత్రుళ్ళు కూర్చుని ఊరికే రాసిచ్చినవే అవన్నీ. రాసినవాడికి పెళ్ళవుతుంది, ఉద్యోగం మారుతుంది, ఓపిక అయిపోతుంది. వాడేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. ఏ భద్రతాలోపమో బయటపడ్డ రోజున, దిద్దేవాడెవరూ లేడని తెలుస్తుంది. ప్లగిన్ తగిలించుకోవడానికి పట్టేది అరనిమిషం. ఆ అరనిమిషంలో ముక్కూమొహం తెలియని మనిషి ఓపిక మీద మన పని ఆధారపడుతుంది. అందుకే ఇప్పుడు నేను ఏ సర్వరు దగ్గరికి వెళ్ళినా ముందు అడిగేది ఏం తగిలిద్దామని కాదు, ఏం తీసేద్దామని.

నిరుడు మావాడు ఫోన్ చేశాడు. టెక్సాస్‌లోనే ఇల్లు కొనుక్కున్నాడు, ఇప్పుడు పెద్ద టీముకి లీడు. "అన్నా, ఇక్కడ పాత జెంకిన్స్ ఒకటి నా నెత్తిన పడ్డది. 143 ప్లగిన్లు. ముట్టుకోవాలంటే భయమైతుంది, కొంచెం చూస్తావా?" అన్నాడు.

ముందు వేరే మాట చెప్పాలన్నాను. ఆ శుక్రవారం సంగతి, మంగళవారం సంగతి, గురువారం సంగతి వరసగా చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"తెలుసన్నా. లాగ్ నేనూ చూసిన. 5:40కి అడ్మిన్ పాస్‌వర్డుతో ఉన్నది నువ్వొక్కడివే కదా."

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తవనుకున్న."

కోపంగా అనలేదు. అందుకే నాకు జవాబు దొరకలేదు. వాడే మాట మార్చి, "పెద్దమ్మ ఎట్లున్నది?" అన్నాడు. బాగానే ఉందన్నాను. తరవాత స్క్రీను పంచుకుని రెండు గంటలు కూర్చున్నాం. కాపీ సర్వరు తెరిచి, ఎవరూ వాడనివి 58 తీసేశాం. మిగతావి ఒక్కొక్కటే కొత్త వెర్షన్‌కి మార్చుకుంటూ పోతుంటే, ఒకదాని కింద మళ్ళీ ఆ ఎర్రక్షరాలే కనిపించాయి.

"ఆగు" అన్నాను.

"ఆగిన" అన్నాడు. ఇద్దరం ఆ లైను మొదటినుంచి చివరిదాకా పైకే చదువుకున్నాం.